ఏ ఇంగ్లిష్ పరీక్ష రాయాలి? జపనీస్ సహోద్యోగి అడిగితే ఇలా తేల్చండి

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ పరీక్ష అనగానే అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు గుర్తొస్తాయి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ, ఈమధ్య డ్యూలింగో. అన్నీ వీసా కోసమో అడ్మిషన్ కోసమో రాసేవే. టోక్యోలో ఏ పెద్ద పుస్తకాల షాపుకెళ్లినా కథ వేరు. టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్ష పుస్తకాలకే అరలకు అరలు ఉంటాయి. మనలో చాలామంది జపాన్ వచ్చేదాకా ఆ పేరే విని ఉండం. అందుకే జపనీస్ సహోద్యోగి ఒకరు వచ్చి "బయటి దేశాల్లో పనిచేయాలని ఉంది, ఏ పరీక్ష రాయమంటారు?" అని అడిగితే మనం ఠక్కున ఐఈఎల్‌టీఎస్ అనేస్తాం. వాళ్ల మేనేజర్ అంతే ఠక్కున టోయిక్ అంటారు. రెండూ తొందరపాటు జవాబులే.

జపాన్‌లో ఉంటూ ఇలాంటి సలహా ఇవ్వాల్సి వచ్చే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ ఇంట్లోనే జపనీస్ మాట్లాడేవాళ్లు ఉన్నా, మీ పిల్లలు ఇక్కడి బడిలోనే పెరిగి పెద్దవుతున్నా ఇదే వరసలో వెళ్లండి.

1. స్కోరు ఎవరి చేతికి వెళ్తుందో ముందు కనుక్కోండి

ఏది తేలిక, ఏది పేరున్నది అనే చర్చ మొదట పెట్టుకోవద్దు. ఆ స్కోరు కాగితం చివరికి ఎవరు చూస్తారని అడగండి. ఇప్పుడున్న కంపెనీ హెచ్‌ఆరా? జపాన్‌లోనే ఉన్న విదేశీ కంపెనీయా? విదేశీ యూనివర్సిటీయా? వేరే దేశపు ఇమిగ్రేషన్ శాఖా? "గ్లోబల్‌గా ఎదగాలి" అని మాత్రమే చెబితే ఆ మాటతో ఏ పరీక్షనూ ఎంచలేం. దేశం, ఉద్యోగం, ఏ ఏడాది వెళ్లాలనుకుంటున్నారు, ఈ మూడూ చెప్పించండి.

ఆ తర్వాత ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో నిబంధనల పేజీ తెరిపించి నాలుగు సంగతులు రాసుకోమనండి: పరీక్ష పూర్తి పేరు, మొత్తం మీద ఎంత రావాలి, విడిగా ఒక్కో విభాగంలో ఎంత రావాలి, స్కోరు ఎన్నాళ్ల క్రితంది వరకు చెల్లుతుంది. పూర్తి పేరు అని ఊరికే అనడం లేదు. ఐఈఎల్‌టీఎస్‌లోనే అకడమిక్ ఉంది, జనరల్ ట్రైనింగ్ ఉంది, బ్రిటన్ వీసాల కోసం యూకేవీఐ పేరుతో విడిగా బుక్ చేసుకోవాల్సినదీ ఉంది. కెనడాలో స్థిరపడేందుకు దరఖాస్తు చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి జనరల్ ట్రైనింగ్ కావాలి. అకడమిక్ రాసి 8 తెచ్చుకున్నా అక్కడ పనికిరాదు.

2. అసలు వీసాకి పరీక్ష కావాలా?

చాలామంది ఈ ప్రశ్న దగ్గర ఆగరు, నేరుగా కోచింగ్‌కి డబ్బు కట్టేస్తారు. అమెరికా హెచ్-1బీ, ఎల్-1 వీసాలకు ఇంగ్లిష్ పరీక్ష స్కోరు అడగరు. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కీ అడగరు. ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే వీసా మీద వెళ్లే జపాన్ యువతకూ అక్కర్లేదు. మన దేశపు ఎంప్లాయ్‌మెంట్ వీసా కూడా అంతే. శ్రీసిటీలోని ఇసుజు ప్లాంట్ లాంటి చోటికి జపాన్ నుంచి వచ్చే ఇంజినీరుకు వీసా కోసం ఏ పరీక్షా ఉండదు. పంపే కంపెనీ ఇంత స్కోరు రావాలని ఏదైనా గీత పెట్టుకుంటే అది వాళ్ల ఇంటి వ్యవహారం.

బ్రిటన్ దగ్గర లెక్క మారుతుంది. స్కిల్డ్ వర్కర్ వీసాకి మొదటిసారి దరఖాస్తు చేసేవాళ్లకు 2026 జనవరి 8 నుంచి బీ2 స్థాయి కావాలి, అంతకుముందు దానికి ఒక మెట్టు కిందిదైన బీ1 సరిపోయేది (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే యూరప్ భాషా స్థాయిలివి). అయితే ఒకే గ్రూపు కంపెనీలో టోక్యో నుంచి లండన్‌కి బదిలీ అయ్యే సీనియర్ ఆర్ స్పెషలిస్ట్ వర్కర్ దారిలో ఇంగ్లిష్ షరతు లేదు. అదే మనిషి, అదే లండన్, కానీ వీసా దారిని బట్టి పరీక్ష ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

బ్రిటన్ విషయంలో ఇంకొకటి గట్టిగా చెప్పండి. టోయిక్, టోఫెల్ స్కోర్లు అక్కడి ఉద్యోగ వీసాలకు చెల్లవు. 2014లో అక్కడి పరీక్షా కేంద్రాల్లో మోసాలను బీబీసీ బయటపెట్టాక ఆ రెండిటినీ నిర్వహించే ఈటీఎస్ సంస్థ వీసా పరీక్షల జాబితాలోంచి తప్పుకుంది. టోయిక్ 950 తెచ్చుకున్న జపనీస్ ఉద్యోగికి ఈ మాట చెబితే నమ్మడం కష్టంగానే ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వ పేజీ చూపించండి.

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఇంగ్లిష్‌లో ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్, సెల్పిప్ జనరల్, 2024 జనవరి నుంచి పీటీఈ కోర్ తీసుకుంటున్నారు. ఆస్ట్రేలియా పాయింట్ల వీసాల్లో మాత్రం ప్రతి విభాగానికీ విడిగా గీత ఉంటుంది. ఐఈఎల్‌టీఎస్ అన్నిట్లో 7 వస్తే 10 పాయింట్లు, అన్నిట్లో 8 వస్తే 20. సగటు ఎంత బాగున్నా ఒక్క విభాగం కిందికి జారితే ఆ పాయింట్లు పోయినట్టే. ఇంట్లో కూర్చుని రాసిన పరీక్షలను ఆస్ట్రేలియా ఇమిగ్రేషన్ ఒప్పుకోదని కూడా చెప్పండి.

3. జపాన్‌లోనే ఉండి ఎదగాలంటే: టోయిక్ సంగతి

టోయిక్ పుట్టిందే జపాన్ కోసం. ఇక్కడి వాణిజ్య వర్గాల కోరిక మీద ఈటీఎస్ తయారుచేస్తే 1979లో ఇక్కడే మొదలైంది. ఇప్పుడు ఐఐబీసీ అనే సంస్థ నడుపుతోంది. మామూలుగా "టోయిక్ ఎంత?" అని అడిగితే అది లిజనింగ్ అండ్ రీడింగ్ స్కోరే. 100 ప్రశ్నలు విని 45 నిమిషాల్లో, 100 ప్రశ్నలు చదివి 75 నిమిషాల్లో, మొత్తం 2 గంటల్లో 200 ప్రశ్నలు. స్కోరు 10 నుంచి 990. పాస్, ఫెయిల్ ఉండవు.

కంపెనీల నిబంధనల్లో 730, 860 అనే అంకెలు పదేపదే కనిపించడానికి కారణం ఉంది. టోయిక్ స్కోర్లను 'ఏ' నుంచి 'ఈ' దాకా తరగతులుగా విడదీసే పాత పట్టికలో 'ఏ' తరగతి 860 దగ్గర, 'బీ' తరగతి 730 దగ్గర మొదలవుతాయి. ప్రభుత్వమూ టోయిక్ స్కోర్లు వాడింది. జాతీయ సివిల్ సర్వీసులో పై స్థాయి అధికారులను ఎంపికచేసే సోగోషోకు పరీక్షలో టోయిక్ 600కి 15, 730కి 25 అదనపు మార్కులు పెట్టారు. టూరిస్టు గైడ్ జాతీయ పరీక్షలో 900 ఉంటే ఇంగ్లిష్ పేపర్ నుంచి మినహాయింపు. 2010లో ఇంగ్లిష్‌ను ఆఫీసు భాషగా ప్రకటించి 2012 నుంచి పూర్తిగా అమలుచేసిన ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ రకుటెన్ కూడా ఉద్యోగులను కొలిచింది టోయిక్‌తోనే. అంటే జపాన్ లోపల ప్రమోషన్, విదేశీ విభాగానికి బదిలీ, ఉద్యోగం మారడం, వీటికి మారుమాట లేకుండా టోయిక్ రాయమనండి.

ఇబ్బంది ఏంటంటే, ఈ పరీక్షలో ఒక్క ముక్క మాట్లాడనక్కర్లేదు, ఒక్క వాక్యం రాయనక్కర్లేదు. 850 వచ్చినవాళ్లు సింగపూర్ క్లయింట్‌తో కాల్‌లో నోరు విప్పకపోవడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. జపాన్ విద్యాశాఖ 2018లో పరీక్షల పోలిక పట్టిక వేసినప్పుడు టోయిక్‌ను లిజనింగ్-రీడింగ్ ఒక్కదానితో లెక్కకట్టలేదు. విడిగా రాయాల్సిన టోయిక్ స్పీకింగ్-రైటింగ్ పరీక్ష స్కోరును 2.5తో హెచ్చవేసి రెండూ కలిపి చూసింది. మీ సహోద్యోగి విదేశీ కంపెనీల వైపు చూస్తుంటే రెజ్యూమేలో టోయిక్ స్పీకింగ్ స్కోరు కూడా పెట్టమనండి. 200కి 160 ఉంటే చదివే రిక్రూటరు అక్కడ ఆగుతారు, ఎందుకంటే అది రాసినవాళ్లే తక్కువ.

ఆఫీసులోనే పెట్టే టోయిక్ ఐపీ టెస్ట్ గురించి ఓ హెచ్చరిక. ఫీజు తక్కువ, తేదీలు సులువు, కానీ బయట పబ్లిక్ టెస్ట్ రాస్తే వచ్చే అధికారిక సర్టిఫికెట్ దానికి రాదు. సొంత కంపెనీకి సరిపోతుంది, బయటి సంస్థలు చాలా చోట్ల ఒప్పుకోవు. 2025లో పరీక్ష హాల్లో పరికరాలతో మోసం బయటపడి, ఐఐబీసీ 803 మంది ఫలితాలు రద్దు చేసింది. అప్పటినుంచి గుర్తింపు తనిఖీలూ బాగా బిగిశాయి.

రాసేటప్పుడు ఎక్కడ దెబ్బ తగులుతుందో కూడా తెలిసి ఉంటే మంచిది. లిజనింగ్ రెండో భాగంలో 25 ప్రశ్నలు. కాగితం మీద ప్రశ్న ఉండదు, జవాబులూ ఉండవు, అంతా చెవుల మీదే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా యాసలు మారుతూ వస్తాయి, ఒక్కసారే వినిపిస్తాయి. "ప్రింటర్ కాగితం ఎక్కడుంది?" అంటే "నిన్ననే ఆర్డర్ పెట్టాను" అన్నది సరైన జవాబు అవుతుంది. 'ఎక్కడ' అన్న మాట పట్టుకుని చోటు పేరు వెతికినవాళ్లు బోల్తా పడతారు. రీడింగ్‌లో అయితే టైమే శత్రువు. చివరి ఏడో భాగంలోనే 54 ప్రశ్నలు ఉంటాయి. ఐదో భాగంలోని 30 వ్యాకరణ ప్రశ్నల దగ్గర 10 నిమిషాలు దాటితే చివర్లో చదవకుండా గళ్లు నింపుకోవాల్సిందే. మన ఎంసెట్ లాగే నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఖాళీ వదలొద్దనండి.

4. ఎయికెన్‌ని ఎప్పుడు పట్టించుకోవాలి

ఎయికెన్ 1963 నుంచి ఉంది. ఇక్కడి బడి పిల్లలందరికీ తెలిసిన ఇంగ్లిష్ పరీక్ష. కింది గ్రేడ్ల నుంచి 1వ గ్రేడ్ దాకా మెట్లు, ఒక్కో మెట్టుకీ పాస్ లేదా ఫెయిల్. 2025లో ప్రీ-2 ప్లస్ అని మధ్యలో ఇంకో మెట్టు పెట్టారు. సర్టిఫికెట్‌కి కాలపరిమితి లేదు. 1వ గ్రేడ్ ఇంటర్వ్యూలో ఐదు అంశాలున్న కార్డు ఇచ్చి, నిమిషంలో ఒకటి ఎంచుకుని రెండు నిమిషాలు మాట్లాడమంటారు, ఆ తర్వాత పరీక్షకులు ప్రశ్నలు వేస్తారు. అది గట్టెక్కినవాళ్ల ఇంగ్లిష్‌ని జపాన్‌లో ఎవరూ శంకించరు.

కానీ జపాన్ దాటితే ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. కొన్ని అమెరికా, ఆస్ట్రేలియా విద్యాసంస్థలు అడ్మిషన్‌కి తీసుకుంటాయి, అంతే. బడి పిల్లలకి, ఇక్కడే టీచర్ కావాలనుకునేవాళ్లకి చెప్పండి. 30 ఏళ్ల ఇంజినీరుకు దీని కోసం ఏడాది ఖర్చుపెట్టమని నేనైతే చెప్పను.

5. చదువుకో, వలసకో వెళ్తుంటే: ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ మధ్య ఎంపిక

విదేశీ ఎంబీఏ, మాస్టర్స్, ఐక్యరాజ్యసమితి ఉద్యోగాల వైపు చూసేవాళ్లకు పోటీ ఈ రెండిటి మధ్యే. 35 ఏళ్లు దాటనివాళ్ల కోసం జపాన్ విదేశాంగ శాఖ పెట్టే జేపీఓ (ఐక్యరాజ్యసమితి సంస్థల్లో జూనియర్ ఉద్యోగాల) ఎంపికలో కూడా టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు కావాలి. టోయిక్‌తో అక్కడ పని జరగదు. పేరున్న ఎంబీఏలు ఐఈఎల్‌టీఎస్ 7, పాత 120 కొలతలో టోఫెల్ 100 చుట్టుపక్కల కోరతాయి.

రెండూ ఒప్పుకునే సంస్థ అయితే మనిషి తీరు చూసి తేల్చండి. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ ఎదురుగా మనిషితో 11 నుంచి 14 నిమిషాల సంభాషణ. మధ్యలో ఓ కార్డు ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. జపనీస్ వాళ్లలో చాలామంది బాగా ఆలోచించి, పూర్తి వాక్యం మనసులో కూర్చుకున్నాకే నోరు తెరుస్తారు. వాళ్ల మర్యాదలో అది మంచి అలవాటే. పరీక్షలో మాత్రం ఆ మౌనం ధారాళత మార్కుల్ని తినేస్తుంది. మనిషి ముందు బెరుకు ఉన్నవాళ్లకు టోఫెల్ నయం, అక్కడ మైకుతోనే మాటలు.

టోఫెల్ విషయంలో పాత పుస్తకాలు కొనొద్దని మరీ మరీ చెప్పండి. 2026 జనవరి 21 నుంచి పరీక్ష మారిపోయింది. రీడింగ్, లిజనింగ్‌లో మొదట రాసినదాన్ని బట్టి తర్వాతి ప్రశ్నల కష్టం మారుతుంది. స్పీకింగ్‌లో విన్న వాక్యాన్ని తిరిగి చెప్పడం, ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబివ్వడం. రైటింగ్‌లో ఈమెయిల్ రాయడం వచ్చింది. స్కోరు 1 నుంచి 6 దాకా. మార్పు కుదురుకునేదాకా పాత 120 కొలత అంకె కూడా పక్కనే ఇస్తారు, కాబట్టి యూనివర్సిటీ పేజీలో ఇంకా 100 అని రాసి ఉంటే కంగారు పడనక్కర్లేదు. కాలేజీల్లో కాగితం మీద పెట్టే టోఫెల్ ఐటీపీ వేరే పరీక్ష. దాంట్లో వచ్చిన స్కోరుతో విదేశీ అడ్మిషన్ అడిగితే చాలాచోట్ల తిప్పి పంపుతారు.

ఐఈఎల్‌టీఎస్ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపించండి. లిజనింగ్ 6.5, రీడింగ్ 6.5, రైటింగ్ 5, స్పీకింగ్ 7 అనుకుందాం. మొత్తం 25, నాలుగుతో భాగిస్తే 6.25. దాన్ని పైకి సర్ది 6.5 ఇస్తారు. యూనివర్సిటీ 6.5 అడిగింది కదా అని సంబరపడితే, కింద చిన్న అక్షరాల్లో 'ఏ విభాగంలోనూ 6 తగ్గకూడదు' అని ఉంటుంది. రైటింగ్ 5 దగ్గరే ఆగిపోయింది. జపాన్‌లో పరీక్ష రాసేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది రైటింగ్‌లో, స్పీకింగ్‌లోనే, అందుకే అవతలివాళ్లు విభాగాల వారీగా గీత పెట్టారేమో మొదటే చూడమన్నాను. కంప్యూటర్ మీద రాసినవాళ్లకు ఒక్క విభాగమే మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది. ఆ స్కోరును సంస్థ ఒప్పుకుంటుందో లేదో ముందుగా అడగాలి.

టైపింగ్ కూడా పరీక్షించమనండి. నవ్వొద్దు. ఇక్కడి కుర్రవాళ్లు ఫోన్ మీద వేలితో లాగి జపనీస్ మెరుపులా రాస్తారు, కీబోర్డు ముందు కూర్చోబెడితే ఇంగ్లిష్‌లో 250 పదాలకు 40 నిమిషాలు చాలవు.

6. మిగతావి, క్లుప్తంగా

నర్సులు, డాక్టర్లు ఆస్ట్రేలియా, బ్రిటన్ వెళ్లాలంటే ఆస్పత్రి సందర్భాలతోనే పెట్టే ఓఈటీ చూడాలి. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పెట్టిన ఇంగ్లిష్ కొలతలో నాలుగో స్థాయి తప్పనిసరి, టోయిక్ ఎంతున్నా దానికి బదులు కాదు. డ్యూలింగో చవక, ఇంటి నుంచే గంటలో అయిపోతుంది. యూనివర్సిటీలు చాలా ఒప్పుకుంటాయి గానీ ఇమిగ్రేషన్ దగ్గర చాలాచోట్ల నడవదు. కొన్ని జపాన్ కంపెనీలు మాట్లాడే సత్తా కొలవడానికి వర్సాంట్ అనే పరీక్ష వాడుతున్నాయి, హెచ్‌ఆర్ చెప్పినప్పుడు రాస్తే చాలు.

7. డబ్బు కట్టేముందు ఒక మాక్, ఆ తర్వాతే తేదీ

అధికారిక నమూనా పేపర్ ఒకటి తీసి, ఆదివారం పొద్దున్నే ఫోన్ పక్కన పెట్టించి, టైమర్ పెట్టి రాయించండి. టోయిక్ లిజనింగ్‌లో 400, రీడింగ్‌లో 385 వస్తే ఆ రెండు నైపుణ్యాల్లో బీ2కి చేరినట్టు. అంతకు బాగా కింద ఉంటే ఇప్పుడే ఐఈఎల్‌టీఎస్‌కి డబ్బు తగలేయొద్దనండి. టోయిక్ ఫీజు 8 వేల యెన్‌ల చుట్టూ ఉంటుంది, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ ఫీజులు దానికి మూడింతల పైమాటే. నా సలహా అయితే ఇదీ: ఏ దేశమో ఇంకా తేలనివాళ్లు ఆర్నెల్లు టోయిక్‌తో చెవినీ, చదివే వేగాన్నీ పెంచుకుని, మధ్యలో ఒకసారి స్పీకింగ్ రాసి, దేశం తేలాకే పెద్ద పరీక్షకి దిగాలి. దేశం ఇప్పటికే తేలినవాళ్లు మాత్రం టోయిక్ దగ్గర ఆగొద్దు.

తేదీని వెనక నుంచి లెక్కపెట్టించండి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. టోయిక్ స్కోరుకి అధికారికంగా గడువు లేదంటారు గానీ సర్టిఫికెట్ మళ్లీ ఇచ్చేది రెండేళ్ల దాకానే, కంపెనీలూ ఆలోపుదే అడుగుతాయి. ఎప్పుడో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు తెచ్చుకున్న స్కోరు పట్టుకుని వస్తే మళ్లీ రాయమని చెప్పాల్సిందే. దరఖాస్తు గడువుకి కనీసం నాలుగు నెలల ముందు మొదటి ప్రయత్నం పెట్టుకుంటే, తక్కువొచ్చినా రెండోసారికి చోటు ఉంటుంది.

చివరిగా పాస్‌పోర్ట్. జపాన్‌లో పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సుమారు ఆరుగురిలో ఒక్కరే. టోయిక్‌కి డ్రైవింగ్ లైసెన్సో, ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు కార్డైన మై నంబర్ కార్డో సరిపోతుంది, ఐఈఎల్‌టీఎస్‌కి మాత్రం పాస్‌పోర్టే కావాలి. లేకపోతే ముందు దానికి దరఖాస్తు పెట్టించండి. పేరు స్పెల్లింగ్ కూడా చూసుకోమనండి. ఇక్కడ ఒకే ఇంటిపేరును కొందరు 'ఓ' తర్వాత 'హెచ్' పెట్టి, కొందరు పెట్టకుండా రోమన్ లిపిలో రాస్తారు. బిజినెస్ కార్డు మీద ఎలా ఉన్నా, రిజిస్ట్రేషన్‌లో పాస్‌పోర్ట్ మీద ఉన్నట్టే అక్షరం అక్షరం నింపాలి.